లైకా ఎం6 మేలా, జైస్ ఐకాన్ మేలా?

మైలాపూరు సభ్యుడు:
నమస్కారం. ఫిల్మ్ మీదనే ఫొటోలు తీయాలని నిశ్చయించుకున్నాను గనుక డిజిటల్ కెమెరాల ప్రస్తావన వద్దని మనవి. 1984లో వచ్చిన లైకా ఎం6, 2004లో ప్రకటించిన జైస్ ఐకాన్, ఈ రెండు రేంజ్‌ఫైండర్ ఫిల్మ్ కెమెరాల్లో (కిటికీలో కనబడే రెండు బింబాలను కలిపి ఫోకస్ చేసేవి) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనదలచాను. తీసేవి ఎక్కువగా కాసిమేడు చేపల రేవు, కపాలీశ్వరుని మాడవీధుల్లో పంగుణి ఉత్సవం. నాకు కళ్ళజోడు ఉంది. ఏది తగినదో కారణాలతో చెప్పగలరు.

అన్నానగర్ సభ్యుడు:
సందేహం లేకుండా ఎం6 తీసుకోండి. అందులో బ్యాటరీ వెలుతురును కొలిచే లైట్ మీటర్ కోసమే. అది అయిపోయినా షటర్ (ఫిల్మ్ మీద వెలుగు ఎంతసేపు పడాలో నిర్ణయించే తెర) అన్ని వేగాల్లోనూ పనిచేస్తుంది. ఐకాన్ షటర్‌ను నడిపేది ఎలక్ట్రానిక్ సర్క్యూట్ కాబట్టి బ్యాటరీ లేకపోతే ఒక్క ఫొటో కూడా రాదు. పైగా దాని తయారీ 2012లోనే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు వాడదలచిన వస్తువును మరమ్మతు దృష్టితోనే ఎంచుకోవాలని నా దృఢమైన అభిప్రాయం.

అడయారు సభ్యురాలు:
అన్నానగర్ వారి మాటలో న్యాయం ఉంది, కానీ ప్రశ్న వేసినవారి అవసరాలకు అది పూర్తి సమాధానం కాదు. రెండు కెమెరాలకూ లెన్సు బిగించే మౌంట్ ఒకటే. లైకా లెన్సులైనా, జైస్ లెన్సులైనా, ఫోక్ట్‌లాండర్ లెన్సులైనా దేనికైనా బిగుస్తాయి. కనుక తేల్చవలసింది కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్, షటర్ల సంగతే.

ఫోకస్ కచ్చితత్వం రేంజ్‌ఫైండర్ కిటికీల మధ్య దూరాన్ని వ్యూఫైండర్ చూపే పరిమాణంతో గుణిస్తే వచ్చే విలువను బట్టి ఉంటుంది. అది ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితం. సాధారణ ఎం6లో అది సుమారు 50 మిల్లీమీటర్లు. ఐకాన్‌లో 75 మిల్లీమీటర్ల దూరాన్ని 0.74తో గుణిస్తే 55 దాటుతుంది. ఈ తేడా చిన్నదే. కళ్ళజోడు ఉన్నవారికి అంతకన్నా ముఖ్యమైనది, ఐకాన్‌లో 28 మిల్లీమీటర్ల లెన్సుకు ఫొటో హద్దులు చూపే చట్రం దాదాపు మొత్తం కనబడడం. ఎం6లో ఆ చట్రం అంచులు కంటికి అందవు. మరొకటి, ఎం6లో ఎదురు వెలుగు పడినప్పుడు ఫోకస్ చూసే మధ్య గడి తెల్లబారి మాయమవుతుంది. ఊరేగింపులో పల్లకీ ముందు దీపాలు వెలుగుతుండగా, జనం తోసుకొస్తుండగా, ఆ గడి కనబడకపోతే ఎంత బాధగా ఉంటుందో అనుభవించినవారికే తెలుస్తుంది.

ఇక మన చెన్నై ఎండ. 400 ఐఎస్ఓ ఫిల్మ్ (ఐఎస్ఓ సంఖ్య పెరిగేకొద్దీ తక్కువ వెలుగు చాలు) వేస్తే నడి మధ్యాహ్నం ఎం6 గరిష్ఠ వేగమైన 1/1000 సెకను దగ్గర లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 11 కన్నా పెద్దగా తెరవలేరు (ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). ఐకాన్‌లో 1/2000 ఉంది కాబట్టి ఎఫ్ 8 దాకా వెళ్ళవచ్చు. లైకా షటర్ గుడ్డతో చేసినది. లెన్స్ మూత తీసి సూర్యుని వైపు ఉంచితే కాలి రంధ్రం పడే ప్రమాదం ఉంది. ఐకాన్‌ది లోహపు షటర్. నా ఓటు ఐకాన్‌కే.

అన్నానగర్ సభ్యుడు:
కళ్ళజోడు విషయం అంగీకరిస్తున్నాను. అయితే 35 మిల్లీమీటర్ల లెన్సుతో సరిపెట్టుకునేవారికి ఆ ఇబ్బంది బాగా తగ్గుతుంది. వేగం చాలదన్నది ఫిల్మ్ ఎంపికతో తీరే సమస్య. 100 ఐఎస్ఓ వేస్తే అదే ఎండలో 1/1000 దగ్గర ఎఫ్ 5.6 వస్తుంది. సర్క్యూట్ చెడిన కెమెరాకు అటువంటి మార్గం లేదు.

అడయారు సభ్యురాలు:
మధ్యాహ్నం వేసిన 100 ఐఎస్ఓ ఫిల్మ్ సాయంత్రం ఊరేగింపు వేళకు కూడా కెమెరాలోనే ఉంటుందండీ. అందుకే వేగాన్ని అంత తేలికగా తీసివేయలేను. మరమ్మతు భయం మాత్రం నిజమే. కనుక మైలాపూరు వారు ఐకాన్ చూడబోతే, దూరంగా ఉన్న భవనం మీద ఫోకస్ పెట్టి, రెండు బింబాలు పక్కకే కాక పైకీ కిందికీ కూడా సరిగ్గా కలుస్తున్నాయో లేదో గమనించండి. దెబ్బ తగిలిన ఐకాన్‌లో ముందుగా తప్పేది అదే. ఎం6 అయితే లెన్స్ తీసి, వెనుక తలుపు తెరిచి, షటర్ గుడ్డను వెలుగుకు ఎదురుగా పట్టి సన్నని రంధ్రాలేమైనా ఉన్నాయేమో చూడండి.