పుట్టగొడుగు క్లోజప్: బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కోసం అపర్చర్ ఎంత పెడుతున్నారు?

తడినేల:
వాన వెలిశాక బొటనవేలంత పుట్టగొడుగు దొరికింది. 100 ఎంఎం మాక్రోతో (దగ్గరి ఫొటోల లెన్స్) అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, బాగా తెరిచి ఎఫ్ 2.8లో తీస్తే వెనక పచ్చదనమంతా అలికేసినట్టు మెత్తగా వచ్చింది, కానీ గొడుగు ముందు అంచు తప్ప కాడా మసకే, దాని మీదున్న చీమా మసకే. రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 16 పెడితే పుట్టగొడుగు మొత్తం వచ్చింది గానీ వెనక ఎండుటాకుల ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. మధ్యలో ఎక్కడ ఆగాలి?

గాజుకన్ను:
ఎంత దగ్గరికి వెళ్లారన్నదాన్ని బట్టి. ఫుల్ ఫ్రేమ్‌లో (36 మి.మీ. వెడల్పు సెన్సర్) 1:1 దగ్గర, అంటే వస్తువు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేటప్పుడు, ఎఫ్ 2.8కి ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరులో మూడో వంతు, ఎఫ్ 11 పెట్టినా దాదాపు 1.3 మి.మీ. మాత్రమే. అదే 1:4కి, అంటే పావు సైజుకి, వెనక్కి జరిగితే ఎఫ్ 8కే దాదాపు సెంటీమీటరు దొరుకుతుంది. నేను అక్కడే మొదలుపెడతా. ఎఫ్ 22 జోలికి మాత్రం పోవద్దు, 1:1లో అది ఎఫ్ 44తో సమానం, డిఫ్రాక్షన్‌తో (సన్న రంధ్రంలో వెలుగు చెదరడం) ఫొటో అంతా మెత్తబడిపోతుంది.

చెట్టుకింద:
నంబర్లు సరే, ఆ ఆకులు ఎంత వెనక ఉన్నాయి? పైనుంచి వంగి తీస్తే బ్యాక్‌గ్రౌండ్ అంటే రెండంగుళాల అవతలున్న నేలే, అక్కడ ఎఫ్ 4తో కూడా లాభం లేదు. కెమెరాని నేలకి ఆనించి, కింద ఇసుక పోసిన చిన్న గుడ్డసంచి పెట్టండి. అప్పుడు వెనక రెండు మూడు మీటర్ల దూరంలోని పొదలు వస్తాయి, ఎఫ్ 11లోనూ అవి పచ్చటి మరకలే. మోచేతులు బురదవుతాయి, ఇంట్లో తిట్లు పడతాయి, తప్పదు.

గాజుకన్ను:
ఇది నిజం. లెన్స్ రంధ్రం వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో (1:4 అయితే పావు) గుణిస్తే బాగా దూరంలోని వెలుగుచుక్క సెన్సర్ మీద ఎంత ఉబ్బుతుందో వస్తుంది. 100 ఎంఎం, ఎఫ్ 8, 1:4 అయితే 3 మి.మీ. అంటే ఫ్రేమ్ వెడల్పులో పన్నెండో వంతు. ఇంకేం కావాలి?

పాతకెమెరా:
ఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాళ్లకి ఒక మాట. వ్యూఫైండర్‌లో కనిపించేది అపర్చర్ పూర్తిగా తెరిచిన బొమ్మ. అందులో వెనకంతా శుభ్రంగా ఉందనుకుని ఎఫ్ 11లో కొట్టాను, ఇంటికొచ్చి చూస్తే గొడుగు నెత్తిన కొమ్ములా గడ్డిపోచ. క్లిక్ చేసేముందు డెప్త్ ప్రివ్యూ బటన్ (అపర్చర్‌ని మీరు పెట్టినంతకి మూసి చూపేది) నొక్కి చూడండి.

జేబుఫోన్:
ఫోన్ వాళ్ల గతేంటి? పోర్ట్రెయిట్ మోడ్ కాడ పక్కన నాచుని సగం కోసేసింది.

చెట్టుకింద:
ఆ మోడ్ ఆపేయండి. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు కాబట్టి మీ చేతిలో ఉన్నది దూరమొక్కటే. మెయిన్ కెమెరాతో ఫోకస్ అందినంత దగ్గరికి వెళ్లి, వెనక ఖాళీ ఉన్న కోణం వెతకండి.

పొరలుపొరలు:
నేనైతే ఎఫ్ 5.6లో ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పదిహేను తీసి కలిపేస్తా. గొడుగంతా షార్ప్, వెనకంతా మెత్తన. ఓసారి మధ్యలో నత్త కదిలి, కలిపిన ఫొటోలో దానికి రెండు తలలొచ్చాయి, అది వేరే సంగతి.

తడినేల:
ఇవాళ పడుకుని, ఎఫ్ 8, రెండు సెకన్ల టైమర్‌తో తీశా. కాడ మీద నూగు కూడా కనిపిస్తోంది, వెనక ఒక్క ఆకూ లేదు. చీమ మాత్రం ఎటో పోయింది.