ట్రాఫిక్‌లో ఆగితే చాలు, ముల్లు పైకే

మాది 2007 మోడల్ చిన్న పెట్రోల్ కారు. హైవే మీద 80లో వెళ్తే టెంపరేచర్ ముల్లు సగం దాటదు, అదే దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో 10 నిమిషాలు ఆగితే ఎర్ర గీత దాకా పోతోంది. మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి రేడియేటర్‌కి కూలెంట్ వదిలే వాల్వ్) మార్చాడు, తేడా లేదు. ఇప్పుడేమో హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ, పైనుండే హెడ్‌కీ మధ్య సీల్) పోయింది, ఇంజిన్ విప్పుదామంటున్నాడు. కానీ కూలెంట్ తగ్గట్లేదు, డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ చూసే కడ్డీ) మీద పాల టీ రంగు నురగ లేదు, తెల్ల పొగా రావట్లేదు. నిన్న బానెట్ ఎత్తి చూస్తే, ఏసీ వేసినా రేడియేటర్ ఫ్యాన్ కదల్లేదు, పుల్లతో కాస్త నెడితే మాత్రం గిర్రున అందుకుంది (చెయ్యి పెట్టలేదు లెండి). అంటే ఫ్యాన్ మోటార్ బ్రష్‌లు (లోపల కరెంట్ అందించే కార్బన్ ముక్కలు) అరిగాయా, లేక రిలేనా (ఫ్యాన్‌కి కరెంట్ వదిలే స్విచ్)? బ్యాటరీ నుంచి నేరుగా వైరిచ్చి చూస్తే తేలుతుందా? హెడ్ విప్పించే ముందు ఇంకేం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి, శనివారం అమ్మని తీసుకుని ఊరెళ్లాలి, టెన్షన్‌గా ఉంది.