‘మె గుస్తాస్’లో ఆ చివరి ‘స్’ ఉందా?

వెన్నెలవాగు: చిలీ కవి నెరూడా స్పానిష్‌లో రాసిన ఇరవై ప్రేమ కవితల్లో 15వది, దాని మొదటి పాదం గురించి. ‘మె గుస్తా క్వాందో కాయాస్’ అని నోట్లో నానుతోంది. డల్లాస్‌లో స్పానిష్ చదువుతున్న మా అమ్మాయి ‘గుస్తాస్’ అంటోంది. ఏది నిజం? ఇంతకీ ఆ వాక్యంలో కర్త ఎవరు?

పాతపుస్తకం: ‘గుస్తాస్’, సందేహం లేదు. ‘స్’ తీసేసినా వ్యాకరణం చెడదు, కవిత చెడుతుంది. ‘గుస్తా’ అంటే నువ్వు మౌనంగా ఉండటం నాకు నచ్చుతుంది. ‘గుస్తాస్’ అంటే మౌనంగా ఉన్నప్పుడు నువ్వు నచ్చుతావు. కర్త ‘నువ్వు’. ఇంగ్లీషు పిల్లలకి టెన్షన్ ఇక్కడే. ఇష్టపడేవాడే కర్త అనుకుని ‘యో గుస్తో’ అని రాసేస్తారు. దానర్థం ‘నేను నచ్చుతాను’ అని!

చింతచిగురు: కర్త సంగతి అంత తేలిగ్గా తేలదండీ. ‘రవికి తన ఊరు నచ్చింది’లో క్రియ ఊరితో పోతుంది, ‘తన’ మాత్రం రవినే పట్టుకుంటుంది. స్పానిష్‌లోనూ ‘ఆ మరియా లె గుస్తా ఎల్ కఫే’ (మరియాకి కాఫీ నచ్చుతుంది) అని మామూలుగా మరియానే ముందు పెడతారు. నా లెక్కలో ‘నాకు’ సగం కర్త.

పాతపుస్తకం: సగం కర్త ఏ వ్యాకరణంలో ఉంది? క్రియ ఎవరితో కలిస్తే వాళ్లే కర్త.

హ్యూస్టన్ మాస్టారు: అసలు రుచి రెండో సగంలో ఉంది, ‘పోర్కే ఎస్తాస్ కోమో ఔసెంతే’ (ఎందుకంటే ఇక్కడ లేనట్టుంటావు). ‘నువ్వు ఉన్నావు’కి స్వభావం చెప్పే ‘ఎరెస్’ అనలేదు, అప్పటి స్థితి చెప్పే ‘ఎస్తాస్’ అన్నాడు. 7+7 అక్షరాల పాదం. ‘ఎరెస్’ పెట్టినా లెక్క సరిపోయేది, కాబట్టి అది ఛందస్సు కోసం చేసింది కాదు. ఆమె స్వభావం అది కాదు, ఆ క్షణానికి ఇక్కడ లేనట్టుంది, అంతే. 1924లో పుస్తకం వచ్చేనాటికి ఆయనకి ఇంకా ఇరవై నిండలేదు!

చింతచిగురు: ‘ఎస్తార్ (‘ఎస్తాస్’కి మూలరూపం) అంటే తాత్కాలికం’ అన్న సూత్రాన్ని మరీ నమ్మకండి మాస్టారూ. చనిపోయినవాణ్ణి కూడా ‘ఎస్తా ముఎర్తో’ (చనిపోయి ఉన్నాడు) అనే అంటారు. అది స్థితి, ఎంతకాలమన్నది కాదు.

హ్యూస్టన్ మాస్టారు: నేనన్నదీ స్థితి గురించే. కవితంతా ఆ స్థితి మీదే నడుస్తుంది.

వెన్నెలవాగు: మరి నాకు ‘స్’ ఎందుకు వినబడలేదు?

పాతపుస్తకం: చిలీ వాళ్ల నోట విన్నారేమో. మామూలు మాటల్లో చివరి ‘స్’ని వాళ్లు ‘హ్’ చేస్తారు, ఒక్కోసారి మింగేస్తారు. అప్పుడు ‘కాయాస్’లోదీ వినబడకూడదు. మీకు అది వినబడిందా?