'బ్యూ' అంటే పల్లెనా, పట్నమా?

మూసీ ఒడ్డు:
స్వీడిష్ కథ ఒకటి, డేనిష్ కథ ఒకటి తెలుగులోకి తెస్తున్న. రెండింట్ల 'బ్యూ' అనే మాట ఉన్నది. స్వీడిష్ నిఘంటువు పల్లె అంటది, డేనిష్ నిఘంటువు పట్టణం అంటది. రెండు చోట్ల 'ఊరు' అని రాస్తే నడుస్తదా? ఒక్క మాటకు ఇంత తేడా ఎట్ల వచ్చింది?

పాలమూరు పదాలు:
రెండు నిఘంటువులూ కరెక్టే. ఈ భాషలకు మూలమైన పాత నార్స్ భాషల 'బూఆ' అంటే నివాసం ఉండుడు. దాని నుంచి వచ్చిన 'బ్యూర్'కు మొదటి అర్థం ఒక్క కమతం: ఇల్లు, పశువుల కొట్టం, చుట్టూ పొలం. స్వీడన్‌ల అట్లాంటి కమతాలు పక్కపక్కన చేరి పల్లె అయినయి, మాట అక్కడనే ఆగింది. పట్టణానికి వాళ్లు 'స్టాద్' అంటరు. డెన్మార్క్, నార్వేల అదే మాట పట్టణం దాకా ఎక్కింది. అందుకే డేనిష్‌ల పల్లె చెప్పాలంటే ముందర ఇంకో మాట తగిలించి 'లాన్స్‌బ్యూ' అనాలె. నార్వేల ఇండ్లు దూరం దూరం ఉన్న పల్లె ప్రాంతాన్ని 'బిగ్ద్' అంటరు. ఐస్‌లాండ్‌ల 'బైర్' ఇప్పటికీ కమతమే, పట్టణం కూడా అదే. నడుమ ఉండే పల్లెకు 'థోర్ప్' అని వేరే మాట.

పలికేటప్పుడు నాలుకను 'ఈ' దగ్గరనే ఉంచి, పెదవులు మాత్రం 'ఊ'కు చుట్టినట్టు చుట్టాలె. తెలుగు లిపిల దీనికి అక్షరం లేదు, 'బ్యూ' దగ్గరి రాత మాత్రమే.

దేవరకొండ దారి:
వేరు ఇంకా లోతుకు పోతది. 'బూఆ', సంస్కృతం 'భూ' ధాతువు ఒక్క మూలానివే. అంటే మనం రోజూ వాడే భూమి, భవనం ఈ 'బ్యూ'కు చుట్టాలు. 'ఊరు' మాత్రం ద్రావిడ పదం, దీనికి సంబంధం లేదు.

అదే 'బూఆ' నుంచి 'బోండి', అంటే ఇల్లూ పొలమూ ఉన్న రైతు. ముందర ఇల్లు అనే అర్థమున్న 'హూస్' చేరి 'హూస్‌బోండి' అయి, ఇంగ్లీషుకు పోయి 'హజ్బెండ్' అయింది. మన దిక్కు కాపురం, కాపుదనం రెండు మాటలు ఎంత దగ్గరనో చూడున్రి. నార్స్ మాటలతోని చుట్టరికం లేకున్నా ఆలోచన ఒక్కటే. ఇంగ్లండ్‌ల డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ పేర్ల చివర ఉన్న 'బీ' కూడా వైకింగులు, అంటే పాతకాలంల ఓడల మీద వచ్చిన నార్స్ జనం, వదిలిపోయిన ఈ మాటనే.

మూసీ ఒడ్డు:
మంచిగ చెప్పిన్రు అన్నా. మరి 'ఊరు' రాయాల్నా, వద్దా?

పాలమూరు పదాలు:
స్వీడిష్ కథల 'ఊరు' గాని 'పల్లె' గాని రాయి. డేనిష్ కథల రాయకు. 'గో ఈ బ్యూఎన్' అంటే సాయంత్రం సరదాగ టౌన్ల తిరగపోవుడు. దాన్ని 'ఊరికి పోయిండు' అని రాస్తే సొంతూరికి పోయిండు అనుకుంటరు. 'పట్నం పోయిండు' అన్నా తిప్పలే, నల్లగొండ పాఠకుడికి పట్నమంటే హైదరాబాదే. 'టౌన్లకు' అంటే సాఫీగ ఉంటది.

ఏ భాషనో తెల్వని వాక్యం దొరికితే ప్రత్యయం చూడు. బహువచనం 'బ్యూఆర్' అయితే ఎక్కువగ స్వీడిష్, 'బ్యూఎర్' అయితే డేనిష్ లేదా నార్వేజియన్. 'ఆ ఊరు' అని ఒకదాన్నే చూపేటప్పుడు స్వీడిష్‌ల 'బ్యూన్', మిగతా రెండింట్ల 'బ్యూఎన్'.

ఒక్క కాడ మోసపోతవు. స్వీడిష్‌ల ఇదే రాతతోని ఇంకో మాట ఉన్నది, దాని అర్థం ఈదురుగాలి విసురు. వాతావరణ వార్తల్ల గాలి వేగం చెప్పి 'ఈ బ్యూఆర్నా' అంటే 'పల్లెల్లో' కాదు, 'విసురు వచ్చినప్పుడు' అని. పక్కన సెకనుకు ఇన్ని మీటర్లు అని అంకె ఉంటే అది గాలి సంగతే.

దేవరకొండ దారి:
ఇంకొకటి. నార్‌షోపింగ్, లిన్‌షోపింగ్ లాంటి స్వీడన్ ఊర్ల పేర్లు ఎదురైతే, ఆ 'షోపింగ్' అంటే బేరసారాలు నడిచే చోటు. సూర్యాపేట, నారాయణపేటల 'పేట' అసుంటిది. పేరును మాత్రం అనువదించకు, అట్లనే ఉంచు.