ఏప్రిల్ 23 బోర్డు మీద ఏం రాయాలి? తేదీలు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి

ప్రశ్న:
నమస్కారం అండీ. మా ఊరి శాఖా గ్రంథాలయం గేటు పక్కన ఉన్న నల్లబల్ల మీద రోజూ 'చరిత్రలో ఈ రోజు' రాస్తుంటాను. గ్రూప్స్‌కు, పోలీసు పరీక్షలకు చదివే పిల్లలు అది చూసి నోట్సులో ఎక్కించుకుంటారు. అందుకే తప్పు రాస్తానేమోనని టెన్షన్. ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం కదా, ఆ రోజు కాస్త బాగా రాద్దామనుకుంటే చిక్కొచ్చి పడింది. షేక్‌స్పియర్ పుట్టింది, పోయింది ఆ రోజేనని ఒకచోట ఉంది. పుట్టిన తేదీకి ఆధారం లేదని ఇంకోచోట ఉంది. స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ మరణం 22 అని కొందరు, 23 అని కొందరు. ఇద్దరూ ఒకే రోజు కన్నుమూశారని వాట్సాప్‌లో ప్రతి ఏడూ వస్తుంది. ఏది రాయాలి? ఆ తేదీకి ఇంకేమైనా ఉన్నాయా? బోర్డు చిన్నది, ఆరు లైన్లకు మించి పట్టవు.

జవాబు 1:
ముందు ఆ ఇద్దరి సంగతి తేల్చుదాం. షేక్‌స్పియర్‌కు బాప్తిస్మం ఇచ్చిన రోజు చర్చి రిజిస్టరులో ఉంది: 1564 ఏప్రిల్ 26. పుట్టిన రోజు మాత్రం ఎక్కడా రాసి లేదు. అప్పట్లో పుట్టిన కొద్ది రోజులకే బాప్తిస్మం ఇచ్చేవారు కాబట్టి 23 అని తర్వాతివాళ్లు అనుకుని, అదే స్థిరపరిచారు. కాబట్టి '1564 ఏప్రిల్ 26న బాప్తిస్మం' అని రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు. జననమే రాయాలనుకుంటే 'సంప్రదాయం ప్రకారం' అన్న మాట చేర్చండి.

మరణం 1616 ఏప్రిల్ 23. ఇది సరైనదే, కానీ ఇంగ్లండ్ లెక్కలో. స్పెయిన్ 1582లోనే ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారింది. ఇంగ్లండ్ 1752 దాకా పాత జూలియన్ క్యాలెండర్‌లోనే ఉంది. 1616లో ఆ రెంటికీ తేడా పది రోజులు. అంటే ఇంగ్లండ్‌లో ఏప్రిల్ 23 అయిన రోజు స్పెయిన్‌లో మే 3. సెర్వాంటెస్ మాడ్రిడ్‌లో 22న పోయారు, 23న ఖననం చేశారు. ఆ రోజుల్లో ఖననం తేదీనే రికార్డుల్లో మరణ తేదీగా రాసేవారు, అందుకే రెండు తేదీలు తిరుగుతున్నాయి. ఇద్దరి మధ్యా పదకొండు రోజుల దూరం ఉంది. 'ఒకే రోజు' అని మాత్రం రాయకండి. ఆ ఒక్క మాట పిల్లల బుర్రలోకి వెళ్తే తీయడం కష్టం.

అయినా 1995లో యునెస్కో పుస్తక దినోత్సవానికి 23నే ఎంచుకుంది. స్పెయిన్‌లోని కాటలోనియాలో ఆ రోజు పుస్తకాలు, గులాబీలు ఇచ్చిపుచ్చుకునే ఆచారం అంతకు ముందు నుంచే ఉంది. బోర్డు పక్కన బల్ల వేసి నాలుగు కొత్త పుస్తకాలు పెట్టండి, పిల్లలు ఆగి చూస్తారు.

ఇక మిగతావి. నన్నడిగితే ఆ తేదీలో అసలు విశేషం 1858. ఆ ఒక్క రోజునే జర్మనీలోని కీల్‌లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ పుట్టారు, మన దేశంలో పండిత రమాబాయి పుట్టారు, బీహార్‌లోని జగదీశ్‌పూర్ దగ్గర 1857 తిరుగుబాటు నాయకుడు కున్వర్ సింగ్ ఈస్టిండియా కంపెనీ సేనను ఓడించారు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు దరిదాపుల్లో ఉంటాయి, చేతికి గాయం. కొద్ది రోజులకే పోయారు. బీహార్‌లో ఆ రోజును ఇప్పటికీ విజయోత్సవంగా జరుపుతారు. రమాబాయి సంస్కృత పాండిత్యానికి కలకత్తా పండితులు బిరుదులిచ్చారు. ఆమె 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. రాజమండ్రిలో కందుకూరి 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన కాలమే ఆమెదీ. ఈ ముగ్గురిని ఒకే లైన్లో పెట్టండి. పరీక్షకు పనికొస్తుంది, మనసుకూ పడుతుంది.

1930 కూడా వదలకండి. పెషావర్‌లోని కిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధుల మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది ఆ రోజే. చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయనతో ఉన్న గఢ్వాలీ సిపాయిలు కాల్చబోమన్నారు, కోర్టు మార్షల్‌కు గురయ్యారు. ఇదీ ఉప్పు సత్యాగ్రహం రోజుల్లోదే, మన పిల్లలకు ఆ సత్యాగ్రహం అంటే దండి వరకే తెలుసు. ఈ ఒక్క లైను చాలా చేస్తుంది.

జవాబు 2:
మన ఎస్. జానకి గారిని మరిచిపోతారా? 1938 ఏప్రిల్ 23, రేపల్లె దగ్గర పల్లపట్ల. ఆమె లేకుండా మన జిల్లాల్లో ఆ తేదీ బోర్డు ఏమిటండీ! సత్యజిత్ రాయ్ పోయింది కూడా 1992లో అదే తేదీన, కలకత్తాలో. ఆ ఏడాదే ఆయన ఆస్పత్రి మంచం మీద నుంచే ఆస్కార్ అందుకున్నారు.

జవాబు 3:
యూట్యూబ్‌లో మొదటి వీడియో 2005 ఏప్రిల్ 23 అని అందరూ రాస్తారు. శాన్‌డియాగో జూలో తీసిన 19 సెకన్ల వీడియో అది. అమెరికా పశ్చిమ తీరంలో 23 రాత్రి ఎక్కించారు, అప్పటికి మనకు 24 ఉదయం అయిపోయింది. ఇలాంటివి రాస్తే బ్రాకెట్లో 'అమెరికా సమయం' అని పెట్టండి.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. తిథి ప్రకారం జరిపే మనవాళ్లను ఏ తేదీన రాయాలి? అన్నమయ్య వర్ధంతి ఫిబ్రవరి 23 అని కొన్ని పుస్తకాల్లో ఉంది, తిరుమలలో మాత్రం మార్చిలో జరుపుతుంటారు.

జవాబు 1:
రెండూ ఒకటే అండీ. దుందుభి నామ సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి అనేది అసలు రికార్డు. దాన్ని లెక్కకట్టినవాళ్లు 1503 ఫిబ్రవరి 23 అన్నారు. అది 1582కు ముందు కాబట్టి జూలియన్ తేదీ. దేవస్థానం తిథినే పాటిస్తుంది, అందుకే ఏటా తేదీ మారి ఎక్కువగా మార్చిలో వస్తుంది. మీరు ఆ ఏడాది పంచాంగం చూసి ద్వాదశి రోజే రాయండి, పక్కన '1503' అని వేయండి. ఫిబ్రవరి 23 బోర్డు మీద పెట్టక్కర్లేదు.

ఏప్రిల్ 23కు నేనైతే ఇలా రాస్తాను:
ప్రపంచ పుస్తక దినోత్సవం (యునెస్కో, 1995 నుంచి).
1616: షేక్‌స్పియర్ మరణం (ఇంగ్లండ్ పాత క్యాలెండర్), సెర్వాంటెస్ ఖననం (స్పెయిన్).
1858: మాక్స్ ప్లాంక్, పండిత రమాబాయి జననం; జగదీశ్‌పూర్ దగ్గర కున్వర్ సింగ్ విజయం.
1930: పెషావర్ కాల్పులు, కాల్చడానికి నిరాకరించిన గఢ్వాలీ సిపాయిలు.
1938: గాయని ఎస్. జానకి జననం.
1992: సత్యజిత్ రాయ్ మరణం.

సరిగ్గా ఆరు లైన్లు. యూట్యూబ్‌ది పిల్లలకు నోటితో చెప్పండి.