మల్లెమాల, రైతుబజారు, తెల్లారగట్ల బీచ్: ఏళ్ళ తరబడి నొప్పి ఉన్నవాళ్ళు ఇవి మానకుండా ఎలా?

సీతమ్మధార కోడలు:

నమస్తే అండి. మా అత్తగారికి 58 ఏళ్ళు. నాలుగేళ్ళుగా నడుము, మెడ, మోకాళ్ళ నొప్పులు. స్కానింగులన్నీ అయ్యాయి, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మందులు డాక్టరుగారు రాసినట్టే వాడుతున్నారు, కాబట్టి వాటి గురించి అడగడం లేదు. ఆవిడకి ఇష్టమైనవి మూడే: మల్లెలు మాల కట్టడం, రైతుబజారుకి తనే వెళ్ళి కూరలు ఏరుకోవడం, విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యోదయం చూడటం. వీటిలో ఏది చేసినా మర్నాడు మంచం దిగలేకపోతున్నారు. అందుకని ఒక్కొక్కటే మానేస్తున్నారు, వంట మాత్రం మానడం లేదు. ఇవి మళ్ళీ చేసుకోగలిగే పద్ధతి తెలిసినవాళ్ళు నిమిషాలు, కొలతలతో సహా చెప్పండి. కాపడం వేడినీళ్ళ సంచితో పెట్టాలా, ఉప్పుతోనా అన్నది కూడా.

గాజువాక ఫిజియో:

వంట మానకుండా మాల మానేశారు చూడండి, ముందు సరిచేయాల్సింది అదే. పనులన్నీ అయ్యాక ఓపిక మిగిలితే ఇష్టమైనది చేద్దాం అనుకుంటే ఆ ఓపిక ఏ రోజూ మిగలదు. రోజులో నొప్పి తక్కువగా ఉండే వేళ ఏదో గమనించండి. చాలామందికి లేచిన గంట, గంటన్నరకి కీళ్ళ బిగువు సడలుతుంది. ఆ వేళని మాలకో బీచ్‌కో ముందే కేటాయించి, వంట దాని చుట్టూ సర్దుకోండి. కూరలు ఇంకెవరైనా తరగొచ్చు. మాల కట్టిన సంతోషం ఆవిడ బదులు ఇంకొకరు పొందలేరు కదా.

మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. చాలామందిలో అప్పటికి నరాలే సున్నితమైపోయి, కాస్త శ్రమకే గట్టిగా అరుస్తాయి. నొప్పి ఎంత ఉందో లోపల దెబ్బ అంత ఉన్నట్టు కాదు. పైగా మితిమీరిన శ్రమ ఫలితం అప్పటికప్పుడు కాక ఆ రాత్రో మర్నాడో బయటపడుతుంది. అందుకే 'నొప్పి వచ్చినప్పుడు ఆపుదాం' అన్న లెక్క పనికిరాదు, గడియారం చూసి ఆపాలి.

ఎన్ని నిమిషాలో ఇలా తేల్చుకోండి. మూడు వేర్వేరు రోజులు, అందులో ఒకటి బాగోలేని రోజు కూడా ఉండేలా, ఆవిడ మాల కట్టడం మొదలుపెట్టి నొప్పి పెరగడం మొదలయ్యే నిమిషాన్ని రాసుకోవాలి. ఉదాహరణకి 22, 15, 26 వచ్చాయనుకోండి. సగటు 21. అందులో ఐదో వంతు తీసేస్తే సుమారు 17. ఇక రోజూ పదిహేడో నిమిషానికి ఆపడమే, ఇంకా చేయగలననిపించినా సరే. ఆపాక ఐదు నిమిషాలు వేరే భంగిమ: కూర్చుని చేసిన పనైతే లేచి నాలుగడుగులు వేయడం, నిలబడి చేసినదైతే పడుకోవడం. వారం గడిచి మర్నాళ్ళు మామూలుగా ఉంటే రెండు నిమిషాలు పెంచండి. అంతకన్నా తొందరపడొద్దు.

ఎక్కువమంది దెబ్బతినేది నొప్పి తగ్గిన రోజునే. బాగుంది కదా అని అటక దులిపి, దుప్పట్లు ఉతికి, మూడు రోజులు పడుకుంటారు. బాగున్న రోజైనా, బాగోలేని రోజైనా పదిహేడంటే పదిహేడే.

ఒక హెచ్చరిక. మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు ఉన్నట్టుండి బలం తగ్గినా, నొప్పితోపాటు జ్వరం వచ్చినా ఈ సలహాలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మల్లెపందిరి:

నిమిషాల లెక్క సరైనదే. కానీ పక్కన సెల్లు కుయ్యిమంటుంటే మాల కట్టిన సుఖమేముంటుంది? ఆకాశవాణిలోనో సెల్లులోనో పాటలు పెట్టుకుని నాలుగు పాటలకి ఆపమనండి. అదే పదిహేను, పదిహేడు నిమిషాలవుతుంది.

ఇక భంగిమ. మాల కట్టేటప్పుడు నేలమీద బాసింపట్టు వేసుకుని, దారం కాలి బొటనవేలికి తగిలించి, తల వంచి చేస్తారు. నడుము, మెడ, మోకాలు మూడూ ఒకేసారి పట్టేసేది అందుకే. దారం కొసని వేలికి బదులు కిటికీ ఊచకి ఛాతీ ఎత్తులో కట్టండి. చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో రెండు దిండ్లు వేసి, వాటిమీద పూల పళ్ళెం పెట్టండి. పూలు మోచేతి ఎత్తుకి వస్తాయి, తల వంచే పని తగ్గుతుంది. దిండు ఒకటే అయితే చాలదు, పళ్ళెం కిందికి దిగి మళ్ళీ మెడ వంగుతుంది.

వేళ్ళు నొప్పి పెడితే సన్న దారం మానేయండి. సన్నదాన్ని గట్టిగా నొక్కి పట్టుకోవాలి, వేళ్ళు కోసుకుంటుంది కూడా. లావు నూలు దారమో, తడిపిన అరటినారో అయితే ముడి వదులుగా వేసినా జారదు. నార ఆరితే పెళుసెక్కి తెగుతుంది, పక్కన గిన్నెలో నీళ్ళుంచుకోవాలి. ముడి వేయలేని రోజు సూదితో గుచ్చడమే. ఒకేసారి మూర పూర్తికావాలని పట్టుపట్టకుండా అర మూర కట్టి, మిగతా మొగ్గలు తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి విచ్చకుండా ఉంటాయి.

వంటింట్లో కత్తిపీట తీసేయమనే చెబుతాను. పీటమీద కూర్చుని లేవడంలో మోకాళ్ళమీద పడే భారం కూరగాయలు తరగడంలో లేదు. గట్టుమీద చాకు, పలక పెట్టుకుని, నిలబడేటప్పుడు ఒక కాలి కింద జానెడు ఎత్తు పీట వేసుకుని, మూడు నాలుగు నిమిషాలకోసారి కాలు మారిస్తే నడుము పట్టదు. బియ్యం ఏరడం కూడా చేటలో వద్దు, టేబుల్ మీద తెల్ల పళ్ళెంలో పోసుకుంటే కంటికీ సుఖం.

వాల్తేరు అప్‌లాండ్స్:

బీచ్ సంగతి నేను చెబుతాను. ఇసుకలోకి దిగొద్దు. పొడి ఇసుకలో మడమ దిగిపోతుంది, ప్రతి అడుగుకీ నడుము సర్దుకోవాలి. గట్టిగా ఉందని తడి ఇసుకమీద నడుస్తారు గానీ అది సముద్రం వైపు వాలు. ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడి తుంటి పట్టేస్తుంది. అలల్లో నిలబడితే వెనక్కి లాగే నీటికి ఒళ్ళంతా బిగబట్టాలి, ఆ నొప్పి రాత్రికి తెలుస్తుంది. కాళీమాత గుడి దగ్గర దిగి, గట్టు పక్క కాలిబాటమీదే నడిపించండి. హవాయి చెప్పులు జారిపోకుండా కాలివేళ్ళు బిగపట్టుకుని నడవాల్సి వస్తుంది, వెనక పట్టీ ఉన్నవి వేయండి.

నడక పదిహేను నిమిషాలైతే ఏడో నిమిషానికే వెనక్కి తిరగాలి. అలిసిపోయాక తిరిగితే మిగిలిన సగం దూరం నొప్పితోనే. మన దగ్గర సూర్యోదయం జనవరిలో ఆరున్నర ప్రాంతంలో, జూన్‌లో ఐదూ ఇరవై ప్రాంతంలో. లేచిన వెంటనే కీళ్ళు బిగిసి ఉంటాయి కాబట్టి గంట ముందు లేవాలి. జూన్‌లో అది కష్టం, డిసెంబరు, జనవరి నెలలే ఆవిడకి అనువు. మడత స్టూలు తీసుకెళ్ళేటట్టయితే నేల నుంచి అడుగున్నర ఎత్తుది కొనండి. చేపలు పట్టేవాళ్ళ పొట్టి స్టూలుమీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి.

పక్కనే ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియంకి మాత్రం వద్దు. లోపల ఇరుకు దారి, గుండ్రటి తలుపుల్లోంచి వంగి కాలెత్తి దాటాలి. కైలాసగిరికి పైదాకా రోడ్డుంది, ఆటోలో వెళ్ళి పైన కూర్చుని కిందున్న తీరం చూడొచ్చు. ఆటో అయితే గతుకుల దగ్గర మెల్లగా పోనిమ్మని ఎక్కేముందే చెప్పండి. బస్సులో వెనక చక్రాల మీద సీట్లు వద్దు, కుదుపంతా అక్కడే. ఆటో ఎక్కేటప్పుడు ముందు కూర్చుని తరవాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి.

అరకు రైలు కూడా ఆలోచించండి. 50కి పైగా సొరంగాలు దాటుతూ వెళుతుంది, ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంటే చాలు. కాకపోతే నాలుగు గంటల ప్రయాణం, అరగంటకోసారి లేచి పెట్టెలో అటూ ఇటూ నడవాలి. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ, అక్కడ దిగొద్దు. తిరుగు ప్రయాణం కూడా రైల్లోనే, ఘాట్ రోడ్డు మలుపులు మెడకి మంచివి కావు.

రైతుబజారుకి చక్రాల సంచి కొనండి. మీకు సీతమ్మధారలోనే ఉంది కాబట్టి వారానికొకసారి ఆరు కిలోలు మోసే బదులు మూడుసార్లు రెండేసి కిలోలు. ధరల బోర్డు ముందే చూసుకుని ఏ మూడు కూరలో అనుకుని లోపలికి వెళితే నిలబడే సమయం సగమవుతుంది. ఏరడం ఆవిడది, సంచి ఎత్తడం మీది.

సీతమ్మధార కోడలు:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ దణ్ణాలండి. బొటనవేలికి దారం సంగతి అక్షరాలా నిజం. కాపడం గురించి, అసలు లేవలేని రోజు ఏం చేయాలో కూడా చెప్పరా?

గాజువాక ఫిజియో:

వేడినీళ్ళ సంచి, ఉప్పు కాపడం రెండూ మంచివే. నీళ్ళ సంచిలో మరుగుతున్న నీళ్ళు పోయొద్దు. పొయ్యి మీంచి దించి పది నిమిషాలాగి, మూడింట రెండు వంతులే పోసి, గాలి నొక్కి తీసేసి మూత బిగించండి. నిండా పోస్తే గట్టిపడి ఒంటికి అతుక్కోదు, గాలి ఉంటే వేడి సరిగా అందదు. తువ్వాలు చుట్టి 15 నుంచి 20 నిమిషాలు. దానిమీద పడుకోకూడదు, రబ్బరు పగుళ్ళు కనబడితే పారేయాలి.

ఉప్పైతే అర కిలో కళ్ళుప్పు ఇనప మూకుడులో సన్నసెగమీద వేయించి, రెండు పొరల నూలుగుడ్డలో మూట కట్టండి. ఉప్పు వేడి గట్టిది, ముందు మణికట్టు లోపలివైపు ఆనించి చూడాలి. మన సముద్రగాలికి ఉప్పు చెమ్మ పడుతుంది, మూత డబ్బాలో దాచకపోతే మూట తడిసి ఆవిరి కాలుతుంది. సుగరువల్ల తిమ్మిరి ఉన్న పాదాలకి ఏ కాపడమూ పెట్టొద్దు, కాలినా తెలియదు.

మల్లెపందిరి:

లేవలేని రోజుకి కావాల్సినవి బాగున్న రోజే సర్దాలి, ఆ రోజు వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. మంచం పక్కన చెయ్యి చాస్తే అందే ఎత్తులో ఒక పళ్ళెం. అందులో చిన్న రేడియో, నీళ్ళ సీసా, కళ్ళజోడు, వేరుసెనగ అచ్చో నువ్వుల ఉండో. డికాషన్ రాత్రే దించి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున పాలు కాచి కలిపి ఫ్లాస్కులో పోసి అందించొచ్చు. ఫ్లాస్కు మూత ఆవిడ వేళ్ళతో తిప్పేటంత వదులుగా పెట్టండి, సీసా మూత కూడా అంతే. నవారు మంచమైతే నవారు బిగించండి, మధ్యలో పల్లం పడితే నడుము రాత్రంతా వంగే ఉంటుంది. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య, వెల్లకిలా అయితే మోకాళ్ళ కింద దిండు.

సీజన్లో సింహాచలం సంపెంగలు దొరికితే ఒక్కటి తెచ్చి, వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి తల దగ్గర పెట్టండి. ఒక్కటి చాలు. చిన్న గదిలో మూడు నాలుగు పెడితే ఆ ఘాటుకి తలనొప్పి వస్తుంది.