నాన్నగారి ఆయాసం, ఆస్‌బెస్టాస్ దుమ్ము

ప్రశ్న: మా నాన్నగారు హైదరాబాద్‌లోని ఒక సిమెంటు రేకుల కర్మాగారంలో 1990 నుంచి 2012 వరకు ఆస్‌బెస్టాస్ బస్తాలు విప్పే పని చేశారు. ఈ మధ్య ఆయాసం, ఛాతీలో ఒక పక్క నొప్పి మొదలయ్యాయి. ఇన్నేళ్ల తరువాత ఆ దుమ్ము ప్రభావం బయటపడుతుందా? మా ఇంటి పాత రేకులను కూడా తీయించాలా?

జవాబు: బయటపడుతుందండి. ఆస్‌బెస్టాస్ పీచులాంటి ఖనిజం; పీల్చిన దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరను చేరి అక్కడే ఉండిపోతాయి. ఆ పొరకు వచ్చే క్యాన్సరైన మెసోథీలియోమా సాధారణంగా 20 నుంచి 50 ఏళ్ల తరువాత కనిపిస్తుంది కనుక, పని మానేసి చాలాకాలమైందని ఊరుకోవద్దు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చూపించి, డాక్టరుగారు అడగకపోయినా నాన్నగారు ఏ పని చేశారో మీరే చెప్పండి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల చుట్టూ నీరు కనిపిస్తే సీటీ స్కాన్, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరం కావచ్చు. అమ్మగారు ఆయన పని బట్టలు ఉతికేవారా? అలా ఉతికిన ఇల్లాళ్లకూ ఈ జబ్బు వచ్చింది.

మరొక జవాబు: ఆస్‌బెస్టాస్ కర్మాగారాలు తమ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా విరమణ తరువాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. మీ నాన్నగారి విషయంలో ఆ గడువు 2030 వరకు ఉంది, కర్మాగారాన్ని రాతపూర్వకంగా అడగండి.

ఇంకొక జవాబు: రేకులు గట్టిగా ఉంటే కదిలించకండి. కోసినా, రంధ్రం చేసినా, పగలగొట్టినా పోగులు లేస్తాయి. తీయక తప్పకపోతే తడిపి, ముక్కలు కాకుండా దింపించండి. పొడిగా చీపురుతో ఊడవనివ్వకండి.